విమానం లేచినా వాటా లేస్తుందా?
చిన్న మదుపుదారుల ఆశ, లెక్క, షరీఅత్ హద్దులు

వికారాబాద్, తాండూరు పట్టణాలలో జుమా నమాజు ముగిశాక మసీదు బయట కాసేపు నిలబడి మంచీచెడ్డా మాట్లాడుకోవడం మనకు అలవాటే. ఒకప్పుడు ఆ మాటలు కందుల ధర గురించి, బండల పాలిషింగు యూనిట్ల గురించి, గల్ఫ్ నుంచి రావలసిన డబ్బు గురించి ఉండేవి. ఇప్పుడు వాటి సరసన మరో ముచ్చట చేరింది. 'హెచ్ఏఎల్ ఇవాళ ఎంత ఉంది? మళ్ళీ ఎక్కుతుందా?' అన్నదే ఆ ముచ్చట. విమానాన్ని దగ్గరగా చూసింది ఉమ్రాకు వెళ్ళినప్పుడో, గల్ఫ్‌కు వెళ్ళే కొడుకును సాగనంపినప్పుడో తప్ప మరెప్పుడూ కాని వారు సైతం నేడు యుద్ధ విమానాల ఇంజన్ల గురించి, ఆర్డర్ల గురించి చర్చించుకుంటున్నారు.

ఇది మన రెండు పట్టణాలకే పరిమితమైన విషయం కాదు. దేశంలో డీమ్యాట్ ఖాతాల సంఖ్య 2022 ఆగస్టులో 10 కోట్లు దాటింది. మూడేళ్ళలోనే, 2025 ఆగస్టు నాటికి, 20 కోట్లకు చేరింది. వాటాల బజారు బొంబాయి సేఠ్‌ల చేతుల్లోంచి సామాన్యుడి సెల్‌ఫోన్‌లోకి వచ్చేసింది. అందులో మన ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. కాబట్టి దీన్ని 'మనకెందుకు' అని వదిలేయడానికి వీల్లేదు. 'అంతా హరామ్' అని ఒక్క మాటలో తోసిపుచ్చడమూ, 'అంతా వ్యాపారమే' అని తలుపులు బార్లా తెరవడమూ రెండూ సరికావు. ముందుగా విషయం ఏమిటో తెలుసుకుందాం, ఆ తర్వాత ధర్మం ఏమంటుందో చూద్దాం.

షేరు నడిచిన దారి

హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ కేంద్ర ప్రభుత్వ సంస్థ. ప్రధాన కార్యాలయం బెంగుళూరులో ఉంది. మన హైదరాబాద్ బాలానగర్‌లో కూడా దాని ఏవియానిక్స్ విభాగం ఉంది. తేజస్ యుద్ధ విమానాలు, ధ్రువ్, ప్రచండ్ హెలికాప్టర్లు తయారు చేసేది ఈ సంస్థే. 2018 మార్చిలో ప్రభుత్వం ఇందులో పదో వంతు వాటాను ప్రజలకు అమ్మకానికి పెట్టింది. గరిష్ఠ ధర 1,240 రూపాయలు. అప్పట్లో చిన్న మదుపుదారులు పెద్దగా ముందుకు రాలేదు. మార్చి 28న బజారులో అడుగుపెట్టిన రోజునే షేరు అమ్మిన ధర కంటే కిందికి దిగింది. 2020 మార్చిలో కరోనా భయంతో 500 రూపాయల లోపుకు పడిపోయింది. అదే ఏడు ఆగస్టులో ప్రభుత్వం మరికొంత వాటాను కనీస ధర 1,001 రూపాయలకు అమ్మింది.

ఆ తర్వాత కథ మారింది. 2021 ఫిబ్రవరిలో వాయుసేన 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు ఒప్పందం చేసుకుంది. రక్షణ సామగ్రి మన దేశంలోనే తయారు కావాలన్న ప్రభుత్వ విధానం బలపడింది. షేరు ఎక్కుతూ పోయింది. 2023 మార్చిలో ప్రభుత్వం ఇంకో 3.5 శాతం వాటాను కనీస ధర 2,450 రూపాయలకు అమ్మింది. అదే సంవత్సరం సెప్టెంబరులో 10 రూపాయల ముఖ విలువ గల ఒక్కో షేరును 5 రూపాయల షేర్లు రెండుగా విభజించారు. కనుక 2018 నాటి 1,240ని నేటి లెక్కలో 620గా చూడాలి. 2024 జూలైలో షేరు సుమారు 5,670 రూపాయల శిఖరాన్ని తాకింది.

మన వాళ్ళలో చాలామంది బండి ఎక్కింది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. 620 దగ్గర ఎవరికీ కనబడని కంపెనీ, 5,000 దాటాక అందరికీ కనబడింది. తొమ్మిది నెలలు తిరగకముందే, 2025 మార్చి ఆరంభంలో, అది 3,050 ప్రాంతానికి జారింది. మే నెలలో 5,000 దాటి మళ్ళీ ఊరించింది. ఆ తర్వాత తిరిగి వెనక్కి వచ్చింది. 2025 నవంబరు 21న దుబాయ్ వైమానిక ప్రదర్శనలో తేజస్ విమానం కూలిపోయి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతి సోమవారం ఉదయం షేరు ఒక దశలో దాదాపు 8 శాతం పడి, సాయంత్రానికి చాలావరకు తేరుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు సాగలేం. ఒక తల్లి బిడ్డ పోయిన వార్త అది. దాన్ని వినగానే మన నోటి నుంచి 'ఇన్నా లిల్లాహ్' కంటే ముందు 'షేరు ఎంత పడుతుందో' అన్న మాట వస్తే, మన గుండెకు ఏదో అయిందని గ్రహించాలి. అదే విధంగా 2025 మే నెలలో సరిహద్దుల్లో బాంబులు పేలుతుంటే రక్షణ రంగ షేర్లు పైకి లేచాయి. యుద్ధం ఇంకో నాలుగు రోజులు సాగితే బాగుండునని ఎవరి మనసులోనైనా ఒక్క క్షణం అనిపించి ఉంటే, ఆ మనసును కడుక్కోవలసిన అవసరం ఉంది. డబ్బు నష్టం కంటే ముందు జరిగే నష్టం ఇదే.

పడటానికి కారణాలేమిటి?

కంపెనీ దివాలా తీసిందా? లేదు. 2023-24లో దాని లాభం సుమారు 7,600 కోట్లు. 2024-25లో 8,300 కోట్లకు పైగా. అంటే షేరు ధర దాదాపు సగానికి పడిన కాలంలో లాభం తగ్గలేదు, పెరిగింది. చేతిలో ఉన్న ఆర్డర్ల విలువ 2025 మార్చి నాటికి 1.8 లక్షల కోట్లకు పైనే. 156 ప్రచండ్ హెలికాప్టర్లకు 62,700 కోట్ల ఒప్పందం ఆ నెలలోనే కుదిరింది. అదే ఏడు సెప్టెంబరులో మరో 97 తేజస్ విమానాలకు 62,370 కోట్ల ఒప్పందం జరిగింది.

మరి ధర ఎందుకు పడింది? దీనికి జవాబు తెలిస్తే సగం భ్రమ తొలగిపోతుంది. 2024 జూలైలో ఆ షేరు కొన్నవాడు కంపెనీ ఏడాదికి సంపాదించే ఒక్కో రూపాయికి సుమారు 50 రూపాయలు చెల్లించాడు. 2025 మార్చిలో కొన్నవాడు అదే రూపాయికి పాతిక రూపాయల ప్రాంతంలో చెల్లించాడు. మారింది కంపెనీ కాదు, కంపెనీ మీద జనం పెట్టుకున్న ఆశ. రాబోయే పదేళ్ళ శుభవార్తలన్నిటికీ ముందే ధర కట్టేసిన తర్వాత, చిన్న చెడువార్త వచ్చినా షేరు తట్టుకోలేదు.

అటువంటి చెడువార్తలు వరుసగా వచ్చాయి. తేజస్ మార్క్-1ఏకు ఇంజన్లు అమెరికాకు చెందిన జీఈ కంపెనీ నుంచి రావాలి. 2021లో 99 ఇంజన్లకు ఆర్డరిస్తే మొదటిది అందింది 2025 మార్చిలో. తొలి విమానం 2024 మార్చి నాటికే అందవలసి ఉండగా 2025 ముగిసేనాటికి కూడా వాయుసేన చేతికి రాలేదు. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ హెలికాప్టర్ కూలడంతో ఆ రకం హెలికాప్టర్లను కొన్ని నెలలపాటు నేలకే పరిమితం చేశారు. ఫిబ్రవరిలో వాయుసేనాధిపతి స్వయంగా ఈ జాప్యాల మీద అసంతృప్తి బయటపెట్టారు. మే నెలలో ప్రభుత్వం కొత్త తరం యుద్ధ విమానం తయారీ పోటీలోకి ప్రైవేటు కంపెనీలను కూడా అనుమతించింది.

వీటిలో ఏ ఒక్కటీ తాండూరులో కూర్చుని ముందుగా కనిపెట్టగలిగేది కాదు. అమెరికాలో ఇంజను ఎప్పుడు తయారవుతుందో మనకు తెలియదు. వాయుసేన సంతకం ఎప్పుడు పెడుతుందో తెలియదు. తెలిసే సరికి ధరలో ఆ వార్త కలిసిపోయే ఉంటుంది. పూడూరు మండలం దామగుండంలో నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది కాబట్టి రక్షణ షేర్లు మనకు కలిసొస్తాయని చెప్పుకోవడం ఇలాంటి తర్కమే. మన జిల్లాలో సముద్రం లేని చోట నౌకాదళం రేడియో కేంద్రం పెట్టడానికి, బెంగుళూరులో తయారయ్యే విమానం లాభనష్టాలకు ఏమిటి సంబంధం?

పేరు చూసి కొంటే

హైదరాబాద్ కంపెనీ ఎంటార్ టెక్నాలజీస్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఇస్రో రాకెట్లకు, అణు విద్యుత్ కేంద్రాలకు విడిభాగాలు చేసే కంపెనీగా దానికి మంచి పేరు. 2021 మార్చిలో 575 రూపాయలకు షేర్లు అమ్మితే, బజారులో తొలి రోజే 1,000 దాటింది. 2023లో 2,900 ప్రాంతానికి ఎగసింది. 2025 వేసవి మొదట్లో 1,300 లోపుకు పడింది. అదే సంవత్సరం చివర్లో మళ్ళీ 2,000 దాటింది. దీన్ని 'రాకెట్ షేరు' అనుకుని కొన్నవాళ్ళే ఎక్కువ. నిజానికి ఆ కంపెనీ ఆదాయంలో పెద్ద భాగం అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీ అనే కంపెనీకి ఇంధన సెల్ పరికరాలు చేసి పంపడం ద్వారా వస్తోంది. చంద్రయాన్ దిగినందుకు సంబరపడి కొన్నవాడి డబ్బు అమెరికా కంపెనీ ఆర్డర్ల మీద ఆధారపడి ఉందన్నమాట.

కందులు కొనే వ్యాపారి గింజ నోట్లో వేసుకుని కొరికి చూస్తాడు, తేమ చూస్తాడు, తూకం చూస్తాడు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఆ గింజ నాణ్యతను చూసే. ఆ వ్యాపారే లక్ష రూపాయల షేరు కొనేటప్పుడు కంపెనీ ఏం అమ్ముతుందో కూడా చూడకపోవడం విచిత్రం.

తిరిగి రాని ధరలు

'పడింది కదా, ఎప్పటికైనా లేస్తుంది' అన్నది మన వాళ్ళ నోట తరచూ వినబడే మాట. లేచినవి ఉన్నాయి, కాదనం. లేవనివీ ఉన్నాయి.

జెట్ ఎయిర్‌వేస్ 2005లో 1,100 రూపాయలకు షేర్లు అమ్మింది. 2019 ఏప్రిల్‌లో దాని విమానాలన్నీ ఆగిపోయాయి. పాతిక రూపాయల లోపుకు పడిన ఆ షేరు, కొత్త యజమానులు వస్తున్నారన్న వార్తతో 2021లో వంద దాటింది. 'మళ్ళీ ఎగురుతుంది' అని చిన్న మదుపుదారులు ఎగబడి కొన్నారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ కంపెనీని మూసివేసి ఆస్తులు అమ్మవలసిందిగా ఆదేశించింది. కంపెనీ మూతబడితే ముందు ఉద్యోగులకు, బ్యాంకులకు, ఇతర అప్పులవాళ్ళకు ఇస్తారు. వాటాదారుడిది వరుసలో చిట్టచివరి స్థానం. అతని దాకా సాధారణంగా ఏమీ మిగలదు.

ప్రపంచ ప్రసిద్ధ బోయింగ్ సంగతి చూడండి. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో దాని 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయారు. రెండో ప్రమాదానికి ముందు సుమారు 440 డాలర్లున్న షేరు, ఏడాదిలో 100 డాలర్ల లోపుకు పడింది. తర్వాత కొంత లేచింది. కానీ 2025 సంవత్సరం ముగిసేనాటికి కూడా పాత ధరను చేరలేదు. బోయింగ్ మూతబడలేదు, విమానాలు చేస్తూనే ఉంది. అయినా శిఖరం మీద కొన్నవాడు ఆరేళ్ళు దాటినా ఎదురు చూస్తూనే ఉన్నాడు. మన సత్యం కంప్యూటర్స్‌ను ఎవరు మరిచిపోగలరు? 2009 జనవరి 7న ఒక్క రోజులోనే దాని షేరు దాదాపు 78 శాతం కూలిపోయింది.

హెచ్ఏఎల్‌ను ఈ కంపెనీలతో సమానం చేయడం మా ఉద్దేశం కాదు. దానికి ప్రభుత్వం అండ ఉంది, ఆర్డర్లున్నాయి, లాభాలున్నాయి. మేము చెప్పేది ఒక్కటే. కంపెనీ బాగుండటం వేరు, మనం కొన్న ధర తిరిగి రావడం వేరు. ఒక చిన్న లెక్క చూడండి. 5,670 నుంచి 3,050కి పడితే అది 46 శాతం పతనం. తిరిగి అదే చోటికి చేరాలంటే 46 శాతం లేస్తే చాలదు, 86 శాతం లేవాలి. ఎక్కిన మెట్ల కంటే దిగిన మెట్లు తక్కువగా కనబడతాయి గానీ, మళ్ళీ ఎక్కేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

వ్యాపారం వేరు, సట్టా వేరు

ఇప్పుడు షరీఅత్ విషయానికి వద్దాం. షేరు అంటే కంపెనీలో వాటా. నలుగురు కలిసి వ్యాపారం చేసి లాభనష్టాలు పంచుకోవడం ఇస్లాంలో ఎప్పటినుంచో ఉన్నదే. ముజారబత్, ముషారకత్ పేర్లతో ఫిఖ్హ్ గ్రంథాలలో దీనికి పెద్ద అధ్యాయాలే ఉన్నాయి. అందువల్ల సమకాలీన పండితులలో అధిక సంఖ్యాకులు కొన్ని షరతులతో షేర్లు కొనడాన్ని ధర్మసమ్మతంగానే పరిగణించారు. కంపెనీ చేసే పని హలాల్ అయి ఉండాలి. వడ్డీ అప్పులు, వడ్డీ ఆదాయం హద్దు దాటకూడదు. కంపెనీకి కేవలం నగదే కాకుండా యంత్రాలు, భవనాలు, సరుకు ఉండాలి. లాభంలో వడ్డీ కలిసిన మేరకు లెక్కగట్టి, పుణ్యం ఆశించకుండా, పేదలకు ఇచ్చివేయాలి.

అయితే అదే షేరు, కొనే తీరును బట్టి వ్యాపారం కావచ్చు, జూదం కావచ్చు. దివ్యఖుర్‌ఆన్ 'అల్ మాయిదా' సూరాలో మద్యంతో పాటు మైసిర్‌ను, అంటే జూదాన్ని, నిషేధించిన సంగతి మనకు తెలుసు. తన స్వాధీనంలోకి రాని వస్తువును అమ్మడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. ఈ రెండు సూత్రాలను నేటి బజారుకు అన్వయిస్తే విషయం తేటతెల్లమవుతుంది.

ఉదయం కొని సాయంత్రంలోగా అమ్మే 'ఇంట్రాడే' బేరంలో షేరు కొన్నవాడి ఖాతాలోకి రానే రాదు. కొన్న షేరు మరుసటి పని దినానికి ఖాతాలో జమ అయ్యే పద్ధతి 2023 జనవరి నుంచి దేశంలో పూర్తిగా అమల్లోకి వచ్చింది. అది జమ అయ్యాకే అమ్మాలన్నది ఉలమాలలో అధికుల మాట. ఒక్క రోజు ఆగడం కూడా కష్టంగా ఉందంటే మనం కోరుకుంటున్నది వాటా కాదు, పందెం.

'ఫ్యూచర్స్, ఆప్షన్స్' మరింత ప్రమాదకరం. అక్కడ వస్తువే లేదు, రేపటి ధర మీద పందెం మాత్రమే ఉంది. దీన్ని నిషిద్ధమని ఉలమాలు చెబితే 'ముల్లాలకేం తెలుసు' అనే వారున్నారు. సరే, ముల్లాల మాట పక్కన పెట్టి ప్రభుత్వ సంస్థ 'సెబీ' మాట వినండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఈ ఆటలో దిగిన కోటి మందికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. 2024-25లో కూడా నూటికి 91 మంది నష్టపోయినట్టు సెబీయే చెప్పింది. ఇంట్రాడేలో 2022-23లో పది మందిలో ఏడుగురు నష్టపోయారు. అందులో దిగిన వారిలో దాదాపు సగం మంది 30 ఏళ్ళలోపు వారేనన్నది తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి. 1,400 ఏళ్ళ క్రితం మూసిన తలుపును మనం తెరిచి చూస్తే లోపల ఏముందో ఈ అంకెలే చెబుతున్నాయి.

మూడోది, బ్రోకరు దగ్గర అప్పు తీసుకుని కొనడం. దీన్ని 'మార్జిన్' అని ముద్దుగా పిలుస్తారు. దాని మీద రోజువారీ వడ్డీ పడుతుంది. పడిన షేరు లేస్తుందని ఎదురు చూసే ప్రతి రోజూ ఆ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. బ్యాంకులో వడ్డీ వద్దని జాగ్రత్తపడే మనిషి, ఫోనులో ఒక్క మీట నొక్కి వడ్డీలో కూరుకుపోతున్నాడు.

నాలుగోది, టిప్పులు. 'రేపు హెచ్ఏఎల్ 500 ఎక్కుతుంది, పక్కా ఖబర్' అని గ్రూపుల్లో తిప్పే సందేశాలు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచి ఇతరులను బుట్టలో వేయడాన్ని 'నజష్' అంటారు. దైవప్రవక్త (సఅసం) దీన్ని స్పష్టంగా నిషేధించారు. తాము కొని పెట్టుకున్న షేరుకు ఇతరుల చేత గొప్పలు చెప్పించి, ధర లేవగానే అమ్ముకుని జారుకునే వాళ్ళు చేసేది అదే. ఆ సందేశాన్ని నిజానిజాలు తెలియకుండా ముందుకు పంపే మనం కూడా ఆ పాపంలో ఎంతో కొంత భాగస్థులమే.

ఈ షేరు సంగతేమిటి?

హెచ్ఏఎల్ షేరు హలాలా, కాదా అని అడిగే వారికి మా జవాబు ఇది. ఒకటి, ఆయుధ తయారీ కంపెనీల విషయంలో అభిప్రాయ భేదం ఉంది. డో జోన్స్ ఇస్లామిక్ సూచీ వంటివి ఆయుధ కంపెనీలను పక్కన పెడతాయి. దేశ రక్షణ కోసం ప్రభుత్వం చేయించే ఆయుధాలు వేరని చెప్పే పండితులూ ఉన్నారు. దేశం మనది, దాని రక్షణ మన బాధ్యత, ఇందులో రెండో మాట లేదు. కానీ ఆ బాధ్యత షేరు కొంటేనే తీరుతుందనేమీ లేదు. రెండు, ఈ కంపెనీకి అప్పులు దాదాపు లేకపోయినా, ప్రభుత్వం ముందుగా ఇచ్చే అడ్వాన్సుల వల్ల బ్యాంకుల్లో భారీ డిపాజిట్లున్నాయి, వాటి మీద వడ్డీ ఆదాయం వస్తోంది. కనుక ఆ ఏటి లెక్కలు ముందు పెట్టి మీకు నమ్మకమైన ముఫ్తీ గారిని అడగండి. అడగకుండా కొనేసి, నష్టం వచ్చాక ఫత్వా కోసం తిరగడం మాత్రం పద్ధతి కాదు.

ఆ సొమ్ము ఎవరిది?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. తాండూరులో నాపరాయి కోసే కార్ఖానాలో దుమ్ము పీల్చి సంపాదించిన కూలి, వికారాబాద్ నుంచి రోజూ రైలెక్కి హైదరాబాద్ వెళ్ళి దాచిన జీతం, జిద్దాలోనో దమ్మామ్‌లోనో యాభై డిగ్రీల ఎండలో కొడుకు చెమటోడ్చి పంపిన డబ్బు, కూతురి పెళ్ళికని తల్లి కూడబెట్టినది, భార్య మెహర్, హజ్ యాత్రకని విడిగా తీసిపెట్టినది. ఇవన్నీ అమానత్‌లు. వీటిలో చాలావరకు ఖాతా ఎవరి పేరున ఉందో వారి సొంతం కానే కావు. అన్న పంపిన డబ్బును తమ్ముడు చెప్పకుండా షేర్లలో పెట్టి, అది సగమయ్యాక 'లేస్తుంది భాయీ, ఆగు' అంటే అది మదుపు కాదు, అమానత్‌లో ఖియానత్. తండ్రి లేని పిల్లల సొమ్ము చేతిలో ఉన్న వారికైతే ఈ విషయంలో ఎంత గట్టి హెచ్చరిక ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో ప్రమాదం గురించి కూడా హెచ్చరించాలి. షేర్లలో చేతులు కాలిన వారు 'నెలకు ఇంత హలాల్ లాభం' అని చెప్పే వారి దగ్గరికి పరిగెత్తుతారు. బెంగుళూరులో ఐ మానిటరీ అడ్వయిజరీ అనే సంస్థ 2019 జూన్‌లో మూతబడి వేలాది ముస్లిం కుటుంబాల సొమ్ము ఇరుక్కుపోయింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు వ్యవహారం 2018లో అరెస్టులకు, కోర్టు కేసులకు దారి తీసింది. గడ్డం, టోపీ, 'హలాల్' అన్న మాట, ఇవి లెక్కల పుస్తకానికి బదులు కావు. లాభం ఖాయమని ముందే మాట ఇచ్చేది ఏదైనా వ్యాపారం కాదు, అది వడ్డీ అయినా అయి ఉండాలి, మోసమైనా అయి ఉండాలి.

ఏం చేయాలి?

ఇప్పటికే షేరు కొని ఇరుక్కున్న వారు తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి. 'ఇవాళ ఈ షేర్లకు బదులు ఇంతే నగదు నా చేతిలో ఉంటే, దీన్నే కొంటానా?' కొంటాననే జవాబు కంపెనీ లెక్కలు చూసి వస్తే ఉంచుకోవచ్చు. కొనననే జవాబు వస్తే, ఎదురు చూసేది కంపెనీ కోసం కాదు, తన పాత ధర కోసం. మనం ఎంతకు కొన్నామో బజారుకు తెలియదు, దానితో దానికి పనీ లేదు. నష్టాన్ని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, 'యావరేజ్ చేద్దాం' అని పడుతున్న దానిలోకి మళ్ళీ మళ్ళీ డబ్బు పోయడం చాలా ఇళ్ళను ముంచింది. 2024లో క్వింటాలు 10,000 దాటిన కంది ధర, 2025 ఆరంభంలో మద్దతు ధర 7,550కి అటూ ఇటూ దిగినప్పుడు, అవసరం ఉన్న రైతు అమ్ముకుని అప్పు తీర్చాడు, పిల్లవాడి ఫీజు కట్టాడు. పోయిన ఏటి ధర కోసం ఈ ఏటి విత్తనం మానుకోలేదు. ఆ తెలివి మన నేలలోనే ఉంది.

కొత్తగా దిగాలనుకునే వారికి నాలుగు మాటలు. అప్పు తీర్చిన తర్వాతే మదుపు. ఏడాది లోపు అవసరమయ్యే డబ్బు ఏ షేరులోనూ పెట్టవద్దు. ఉన్నదంతా ఒకే కంపెనీలో పోయవద్దు. ఇంట్లో వాళ్ళకు, ముఖ్యంగా భార్యకు, తల్లికి, చెప్పకుండా ఒక్క రూపాయీ పెట్టవద్దు. దాచిపెట్టవలసి వచ్చిన మదుపులో ఏదో లోపం ఉన్నట్టే.

జకాత్ విషయం కూడా మరవరాదు. అమ్మి లాభం పొందాలని కొన్న షేర్లకు, సంవత్సరం పూర్తయిన రోజున బజారులో ఉన్న ధర ప్రకారం రెండున్నర శాతం జకాత్ లెక్కించాలి. 5,000కు కొన్నది 4,000 అయితే 4,000 మీదే. లాభం రాలేదు కదా అని జకాత్ ఎగ్గొట్టడానికి లేదు. డివిడెండు కోసం ఉంచుకున్న వారి లెక్క వేరు, దానికి ఆలిమ్‌లను సంప్రదించాలి.

మరి హెచ్ఏఎల్ షేరు మళ్ళీ శిఖరానికి వెళుతుందా? వెళ్ళవచ్చు, వెళ్ళకపోవచ్చు. ఇంజన్లు వేళకు వస్తే, విమానాలు వేళకు అందితే, లాభం పెరుగుతూ పోతే ఓపిక గలవాడికి ఫలితం దక్కవచ్చు. ఎప్పుడు అన్నది గైబ్, అది అల్లాహ్‌కే తెలుసు. తేదీతో సహా చెప్పే వారిని నమ్మకండి. తవక్కుల్ అంటే కళ్ళు మూసుకుని దూకడం కాదు. ముందు ఒంటెను కట్టేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయాలని మనకు నేర్పిన ప్రవక్త (సఅసం) అనుయాయులం మనం.

రిజ్ఖ్ రాసిపెట్టి ఉన్నది. అది హలాల్ దారిన వచ్చినా, హరామ్ దారిన వచ్చినా రావలసిన దానికంటే ఎక్కువ రాదు. దారి ఎంచుకోవడం మాత్రమే మన చేతిలో ఉంది. అల్లాహ్ మన సంపాదనలో బర్కత్‌ను, మన పిల్లలకు వివేకాన్ని, అమానత్‌లను కాపాడే నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.